సారె దగ్గర తప్పిన తరగతి

ఆ రోజుల్లో మా వైపు ఇళ్ళల్లో దొంగతనం చేసినవాణ్ణయినా కొన్నాళ్ళకు క్షమించేవాళ్ళు గానీ, తరగతి తప్పినవాణ్ణి మాత్రం క్షమించేవాళ్ళు కాదు. మా చిన్న మామ పదో తరగతి రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు. తర్వాత ఆయన లారీలు కొన్నాడు, చిత్తూరులో మేడ కట్టాడు. అయినా పెళ్ళిళ్ళలో ఆయన్ని ఎవరికైనా చూపించాల్సి వస్తే 'పదిలో రెండుసార్లు పోయినాడే, ఆయప్ప' అనే చెప్పేవాళ్ళు. అది వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి ఒకే తరగతిలో రెండోసారి కూర్చోవడమంటే నాకు పామును తొక్కినంత భయం. నేను ఏ తరగతీ తప్పలేదు. (మార్కుల సంగతి ఇక్కడ ఎందుకులెండి, పాసంటే పాసే.) ఇంత చరిత్ర ఉన్న నన్ను ఇరవై నాలుగేళ్ళ వయసులో, ఉద్యోగం చేసుకుంటున్న రోజుల్లో, ఒక కుమ్మరి తాత తప్పించేశాడు. అలాగని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను.

అప్పుడు నేను రేణిగుంటలో ఒక గోడౌనులో సూపర్వైజరుని. పెట్టెలు లారీలోకి ఎక్కించడం, లారీలోంచి దించడం, వారమంతా అదే పని. ఆదివారం రూములో పడుకుంటే కళ్ళ ముందు కూడా పెట్టెలే తిరిగేవి. ఒకరోజు టీ అంగడి గోడ మీద ఒక కాగితం చూశాను. వడమాలపేట దగ్గర పల్లెలో సారె మీద కుండలు చేయడం నేర్పిస్తారట, మొదటి తరగతి ఎనిమిది ఆదివారాలట. ఎనిమిది వారాల్లో కుండలు చేసేయొచ్చన్నమాట అనుకున్నాను. నాకు ఏదైనా ఒకసారి చెబితే చాలని నా గట్టి నమ్మకం. (ఆ నమ్మకం నాకు తప్ప ఇంకెవరికీ ఉండేది కాదు.)

వెళ్ళేసరికి అక్కడ ఆరుగురం తేలాం. ఒక రిటైర్డు హెడ్మాస్టరుగారు, ఒక బ్యాంకు మేడం, ముగ్గురు తిరుపతి కాలేజీ అమ్మాయిలు, నేను. నేర్పించే తాతకు అరవై దాటి ఉంటాయి. ఆయన మాటలు తక్కువ, ఇంటి సంగతీ తరగతి సంగతీ అన్నీ ఆయన భార్య, అవ్వే చూసుకునేది. తాత మట్టిముద్దను సారె నడిమధ్యలో పెట్టి, రెండు చేతులూ ఆనించి, అది కదలకుండా నిలబడేలా చేసి చూపించాడు. చూడ్డానికి సంగటి ముద్ద చేసినంత సులువుగా ఉంది. నేను కూర్చుని అదే పని చేసేసరికి ఆ ముద్ద ఒక పక్కకు ఒరిగి, ఇంకో పక్కకు ఊగి, చివరికి ఎగిరి వెళ్ళి హెడ్మాస్టరుగారి ఇస్త్రీ పంచె మీద పడింది. ఆయన 'పర్వాలేదు బాబూ' అన్నాడు గానీ ఆ తర్వాత ఏ ఆదివారమూ నాకు ఎదురుగా కూర్చోలేదు. తాత మాత్రం నవ్వలేదు. ఇంకో ముద్ద తెచ్చి పెట్టి, "బలం పెట్టద్దు నాయనా. మోచెయ్యి తొడకానిచ్చి గమ్మునుండు, అదే నిలబడతాది" అన్నాడు. మధ్యాహ్నం దాటాక నిజంగానే ఒక్క క్షణం నిలబడింది. నా చేతుల కింద అంత మట్టి తిరుగుతున్నా ఏమీ కదలనట్టే ఉంది. నా జీవితంలో అంతకు ముందు ఏ పనీ నన్ను అలా పట్టుకోలేదు. ఇంటికి వచ్చే బస్సులో నాకు ఒకటే కోరిక, ఈ తాత నోటితో ఒక్కసారి 'బాగుంది' అనిపించుకోవాలని.

ఆ ఒక్కటే జరగలేదు. హెడ్మాస్టరుగారు పళ్ళెంలా పరుచుకుపోయిన గిన్నె చేస్తే "బాగుండాది సామీ" అన్నాడు. బ్యాంకు మేడం చేసింది అటూ ఇటూ ఒరిగిపోతుంటే "బాగుండాది తల్లీ" అన్నాడు. వాళ్ళవన్నీ పలక మీద ఆరబెట్టి, కాల్చి, తర్వాతి వారం పేపర్లో చుట్టి ఇచ్చేవాడు. నా దగ్గరికి వచ్చేసరికి వంగి చూసేవాడు, దారంతో అడుగు కోసేవాడు, చక్కగా లేచి నిలబడ్డ నా కుండను అరచేత్తో నొక్కి ముద్ద చేసి మళ్ళీ సారె మీద పెట్టేవాడు. "మళ్ళా" అనేవాడు, అంతే. ప్రతి ఆదివారం ఉత్త చేతులతో తిరిగొచ్చేవాణ్ణి. మా పాకాల రూమ్మేటు గుమ్మంలోనే 'కుండ యాడప్పా?' అని అడిగేవాడు. ఆరుతోందని నాలుగు వారాలు చెప్పాను. మట్టి కుండ నెలరోజులు ఆరుతుందా అని వాడికి అనుమానం వచ్చాక తిరుపతిలో రోడ్డు పక్కన ఒక పూలకుండీ కొని, నేనే చేశానని చూపించాను. వాడు దాన్ని చుట్టూ తిప్పి చూసి, 'నీకు దేవుడు చేతుల్లోనే పెట్టినాడప్పా' అన్నాడు. ఆ రోజు నేను అన్నం సరిగా తినలేదు.

ఎనిమిదో ఆదివారం అందరికీ టీలు, ఫోటోలు, వీడ్కోళ్ళు. అందరి ముందూ తాత నా వైపు తిరిగి, "నువ్వు మాత్రం మళ్ళా మొదుట్నించీ రా నాయనా. వచ్చే ఆదివారం ఇదే సారె మింద కూచో" అన్నాడు. హెడ్మాస్టరుగారు వెంటనే నా భుజం తట్టి, ఒకసారి తప్పితే కొంపలేమీ మునగవని, తన సర్వీసులో ఎంతమందిని చూశాడో చెప్పాడు. ఆ ఓదార్పుతో నా చెవులు మండిపోయాయి. మా చిన్న మామ కళ్ళ ముందు కనిపించాడు. ఆదివారాలు కూడా డ్యూటీ పడుతోందని చెప్పి, ఫోటోకి కూడా నిలబడకుండా వచ్చేశాను. ఆ శనివారం తాత ఫోన్ చేసి, "రేపొస్తాండావా నాయనా?" అని అడిగాడు. మంచం మీద పడుకునే, లోడింగులో ఉన్నానన్నాను. ఆ తర్వాత రెండు శనివారాలూ చేశాడు. మూడోసారి నేను ఫోన్ ఎత్తలేదు. తరగతికి మనుషులు చాలక పిలుస్తున్నాడని రూమ్మేటుతో గొప్పగా చెప్పాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత బదిలీలు, పెళ్ళి, పిల్లలు. పదిహేనేళ్ళకు మళ్ళీ రేణిగుంటకే వచ్చాను, ఈసారి మేనేజరుగా. పోయిన ఏడాది పుత్తూరు నుంచి వస్తూ ఆ పల్లె దగ్గర నా చెయ్యి తనంతట తానే బండిని పక్కకు తిప్పింది. తరగతి ఇంకా నడుస్తోంది. మనవరాలు చూపిస్తుంటే తాత కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నేనూ చెప్పుకోలేదు, కొత్తవాడిలా మొదటి తరగతిలో చేరాను. రెండోసారి కూర్చుంటేగానీ మొదటిసారి నేనేం చేశానో నాకు తెలియలేదు. అప్పుడు నా కళ్ళు కుండ మీదే ఉండేవి, ఎప్పుడు లేస్తుందా అని. మోచెయ్యి తొడ మీద నుంచి ఎప్పుడు జారిపోయిందో చూసుకునేవాణ్ణే కాదు. తాత చెప్పిన మొదటి మాటే నాకు పదిహేనేళ్ళు ఆలస్యంగా వినబడింది.

మూడో వారం ఒక గిన్నె లేచింది. అడుగు మందం, అంచు కొంచెం వంకర. తాత చేతిలోకి తీసుకుని, "బాగుండాది నాయనా. కాల్చిస్తాను, ఇంటికెత్తుకుపో" అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. (మేనేజరుననే సంగతి కూడా మర్చిపోయాను.) చేయి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి అవ్వతో చెప్పాను, పదిహేనేళ్ళ కింద మీ ఆయన నన్ను అందరి ముందూ తప్పించాడు, ఇవాళ పాసయ్యానని. అవ్వ చెంబు కింద పెట్టి నా ముఖం వైపు చూసింది.

"రేణిగుంట అబ్బోడివా నువ్వు?"

అవునన్నాను.

"తప్పించింది ఎవురు నాయనా? పని రానోళ్ళకు ఆయన బాగుండాదని సెప్పి పంపించేస్తాడు, వాళ్ళని నొప్పించేదెందుకని. సెయ్యి నిలిసేవాళ్ళనే పగలగొట్టి మళ్ళా సెయ్యమంటాడు. వాళ్ళ నాయన ఈయనకు అట్లనే నేర్పించినాడు. మా కొడుకులెవురికీ ఈ పని పట్టలేదు. నువ్వొస్తావని మూణ్ణెల్లు ఆ సారె మింద ఇంగొకర్ని కూచోనియ్యలేదు" అంది.

నేను చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నానో నాకే తెలియదు. ఒక్క మాట విప్పి చెప్పి ఉంటే వచ్చేవాణ్ణే కదా అని ఆయన మీద కోపం వచ్చింది. ఆ మాట చెప్పడానికే ఆయన మూడు శనివారాలు ఫోన్ చేశాడేమోనని తర్వాత తోచింది, కోపం నా మీదికే మళ్ళింది. అప్పటి నా చేతులు ఇప్పుడు నా దగ్గర లేవు. అది నాకూ తెలుసు, తాతకు ఇంకా బాగా తెలుసు.

ఇప్పుడు మొదటి తరగతిలో నాకిది మూడో విడత. ఇంట్లో గిన్నెలు పెట్టడానికి చోటు లేదని మా ఆవిడ గొణుగుతోంది. నిన్న ఆదివారం అంచు నిజంగానే సమంగా వచ్చింది. తాత దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. పగలగొట్టు తాతా, పగలగొట్టు అని ఏడుకొండలవాడికి మొక్కుకుంటూ నిలబడ్డాను. ఆయన నా వైపు చల్లగా చూసి, "బాగుండాది నాయనా" అన్నాడు. నేనూ నవ్వి, గిన్నెను పలక మీద పెట్టి, వచ్చే విడతకు పేరు రాయించుకుందామని అవ్వ దగ్గరికి వెళ్ళాను.