మిరప కల్లంలో ట్యాగు చేసిన ఫోటో

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ ఒక ఎత్తు, మిరప కల్లంలో ఒక ఫోటోకి పేరు తగిలించడం ఒక ఎత్తు. ఆ ఒక్క నొక్కుడుతో మా కొంప ఎలా మునిగిందో చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రావడం లేదు.

ముందు గొడవ సంగతి. మూడేళ్ల కిందట, మా పిన్ని కూతురి పెళ్లి ఆల్బంలో మా నాన్న సగమే పడ్డాడు. ఒక భుజం, ఒక చెవి, అంతే. "మీ మరిది కావాలనే నన్ను కోయించాడు! మనింట్లో ఎవరైనా ఆ గడప తొక్కితే ఊరుకోను" అని అమ్మ మీద కేకలేశాడు. అమ్మకున్నది ఒక్కగానొక్క చెల్లెలు. అయినా కిక్కురుమనకుండా తలూపింది. ఉద్యోగం వెలగబెడుతున్నా ఇంట్లో పిల్లాడినే కాబట్టి నాకు మాత్రం మినహాయింపు దొరికింది.

ఆ ఆదివారం కొత్త ఫోను పట్టుకుని పర్చూరు దగ్గర పిన్నీ బాబాయిల కల్లానికి వెళ్లాను. ఎండిన మిరపకాయల్లోంచి ఆడవాళ్లు తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నారు. ఘాటుకి తట్టుకోలేక అందరూ తలకీ మొహానికీ గుడ్డలు చుట్టుకున్నారు. కళ్లు తప్ప ఏమీ కనపడవు. బందిపోట్ల మహాసభ అనుకోండి.

చివర కూర్చున్న ఒకావిడ నేను ఎటు తిరిగితే అటు వీపు పెడుతోంది. సిగ్గు కాబోలనుకుని ఇంకా దగ్గరికి వెళ్లాను.

"ఒరేయ్, ఆవిణ్ణి వదిలెయ్యరా, కొత్తావిడ!" అంది పిన్ని కంగారుగా.

"కొత్తావిడైతే ఏం పిన్నీ? ఒకసారి నవ్వమను!"

గుడ్డ వెనక నవ్వితే ఎవరికి కనపడుతుందని నన్నడక్కండి. క్లిక్కుమనిపించాను. ఫోను ఆవిడ కళ్ల చుట్టూ గుండ్రం గీసి, "ఈమె అమ్మేనా?" అనడిగింది. పొట్ట పట్టుకుని నవ్వాను. మా అమ్మ తాడేపల్లిలో పారాయణానికి వెళ్లింది మరి! తమాషాకి "అవును" అని నొక్కి, అమ్మని ట్యాగు చేసి, ఊరి పేరు కూడా తగిలించి, బంధువులందరూ చూసేలా పెట్టేశాను.

ఆ కొత్తావిడ అప్పుడే లేచి వెళ్లిపోయింది. నేను టీ తాగేలోపు శుభాకాంక్షలు మొదలయ్యాయి. "అక్కాచెల్లెళ్లు కలిసిపోయారా? సంతోషం!" "మీ నాన్న మెత్తబడ్డాడన్నమాట!" ఆ వెంటనే నాన్న ఫోను.

"ఒరేయ్, మీ అమ్మ ఎక్కడుందిరా?"

"తాడేపల్లిలో నాన్నా."

"మరి పర్చూరని పెట్టావేంట్రా?"

పరుగుపరుగున బ్రాడీపేటలో మా ఇంటికి చేరాను. అప్పటికే అమ్మ వచ్చేసి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఆగకుండా తుమ్ముతోంది. పారాయణంలో హారతి పొగ పడలేదట.

"తప్పు ఫోనుది నాన్నా. కళ్లు చూసి పోల్చుకుంది, ఎవరో కూలికొచ్చినావిడ" అన్నాను.

నాన్న తల పంకించాడు. "అవున్లే. యంత్రానికేం తెలుసు. మీ అమ్మ అబద్ధమాడే మనిషి కాదు."

"ఇక వదిలెయ్యరా, అన్నానికి రా" అంది అమ్మ.

బుద్ధున్నవాడెవడైనా వెళ్లి కంచం ముందు కూర్చుంటాడు. నేను కూర్చోలేదు. "ఉండమ్మా, ఇలాంటి తప్పులు ఇంకెన్ని చేసిందో చూపిస్తా" అని, ఫోనులో అమ్మ పేరు నొక్కి నాన్న చేతికిచ్చాను.

పాత ఫోనులోంచి దీంట్లోకి ఎక్కించిన ఫోటోలన్నీ వరసగా వచ్చాయి. అమ్మ పుట్టినరోజు, అమ్మ గుడి మెట్ల మీద. తరవాత, పోయిన సీజనులో కల్లంలో నేను తీసుకున్న సెల్ఫీ. నా పళ్లికిలింపు వెనక, మూలన, మొహం మీది గుడ్డ కిందికి లాగి పిన్ని చేతిలోంచి టీ గ్లాసు అందుకుంటూ మా అమ్మ. నవ్వుతోంది. అలా నవ్వడం ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు.

నాన్న రెండు వేళ్లతో ఆ ఫోటో పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"ఆవకాయలో కారం?" అనడిగాడు చివరికి.

"మా చెల్లెలి కల్లంలోదే."

ఏడాదంతా వేళ్లు నాక్కుంటూ ఆ ఆవకాయని మెచ్చుకున్న మనిషి, ఆ పూట అన్నం తినకుండానే లేచిపోయాడు.

అమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "బస్సెక్కినా, బజారుకెళ్లినా మీ నాన్నకి తెలిసినవాళ్లు ఎవరో ఒకరు పలకరిస్తారురా. గుడ్డ చుట్టుకుని మా చెల్లెలి పక్కన కూర్చుంటే నన్నెవరూ గుర్తుపట్టేవాళ్లు కాదు. నువ్వొచ్చి నవ్వమన్నప్పుడు లోపల ఎంత నవ్వానో!" అని, గిన్నెలు సర్దుకోవడానికి వెళ్లిపోయింది. ఆ తరవాత పారాయణం మాట ఎత్తలేదు.

ఈ సీజనులోనూ కల్లానికి వెళ్లాను. గుడ్డ చుట్టుకున్న ప్రతి మొహంలోకీ దొంగలా తొంగిచూశాను. "అక్క రాలేదులేరా, ఫోటో తీసుకో" అంది పిన్ని. తీశాను. ఫోను ఏమీ అడగలేదు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మీ అందరి సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఇకమీదట ఈ ఫోను ఎవరి మొహం చుట్టూ గుండ్రం గీసి "ఎవరు?" అనడిగినా, అది అద్దంలో నా మొహమే అయినా సరే, "తెలియదు" అనే నొక్కుతాను. జానెడు దూరంలో కన్నతల్లి కూర్చుంటే కొత్తావిడనుకున్నవాణ్ణి. ఇంకెవరైనా నాకు తెలుసని ఏ మొహం పెట్టుకుని చెప్పను?