ఎనిమిదో రెజిమెంటు కాలరు

మా డ్రాయింగు మేష్టారు పోయారని ఫోను వచ్చేసరికి నేను మాడుగుల నుంచి చోడవరం వచ్చే బస్సులో, ఒళ్లో హల్వా పొట్లంతో ఉన్నాను. పాఠకులు క్షమించాలి, ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఆయన అద్దాల బీరువాలో, రెండో వరసలో, నేను దాచిన నేరం ఒకటి ఉంది. ఆ పొద్దున్నే ఆయన దాన్ని పట్టుకోవలసి ఉంది.

మేష్టారు హైస్కూల్లో రిటైరయ్యాక నెపోలియన్ అశ్వదళాన్ని చోడవరం రప్పించారు. బొటనవేలంత ప్లాస్టిక్ రౌతులు పోస్టులో బూడిదరంగులో దిగేవారు. వాళ్లకి రంగుల బట్టలు తొడగడం ఆయన పని. డిగ్రీ పాసై ఊరి మీద పడ్డ నన్ను, ఊరి క్షేమం కోరి కాబోలు, సహాయకుడిగా చేర్చుకున్నారు.

ఆ రౌతుల కోటు ముదురాకుపచ్చ. "చెరుకాకు రంగు కాదురా, చెరుకు తోట లోపలుండే నీడ రంగు" అనేవారు. ఏడో రెజిమెంటుకి కాలరూ, చేతిపట్టీలూ రెండూ గులాబీ. ఎనిమిదికి పట్టీలే గులాబీ. కాలరు పచ్చ, దాని అంచున వెంట్రుకంత గులాబీ గీత. ఇవన్నీ నాకు డిగ్రీ సిలబస్ కన్నా బాగా వచ్చు.

ట్యూబులైటుని ఆయన సాక్షిగా ఒప్పుకోలేదు. రంగు చూడాలంటే వరండాలో పొద్దుటెండ, చేతిలో భూతద్దం. తప్పు కనిపిస్తే తిట్టేవారు కాదు. నా వెనక నిలబడి రెండుసార్లు దగ్గేవారు. పరీక్ష హాల్లో స్క్వాడుకి కూడా బెదరని నేను ఆ దగ్గుకి బ్రష్షు జారవిడిచేవాణ్ని.

ఒకసారి ఎదురు చెప్పాను. "రెండొందలేళ్ల కిందట పోనోడు మేష్టారూ, ఎవుడొచ్చి అడుగుతాడు?"

"అడగడనే కదరా మనం సూసుకోవాలి! సచ్చిపోనోడికి తప్పుడు సొక్కా తొడిగెత్తావేటి? సిగ్గు నేదూ?"

ఇక నేరం. శనివారం సాయంత్రం, ట్యూబులైటు కింద, ఫోనులో క్రికెట్ చూస్తూ, ఎనిమిదో రెజిమెంటు వాడొకడికి కాలరంతా గులాబీ పూసేశాను. ఆరాక చూసుకున్నాను. వాణ్ని రెండో వరసలోకి తోసేశాను. "రేపు ఎండలో సూత్తాన్లే" అన్నారు మేష్టారు. హల్వా తెస్తానని చెప్పి ఆ పూటే మాడుగుల పిన్ని ఇంటికి పారిపోయాను.

"పొద్దున్న లేచి బూతద్దం తుడుసుకున్నారు బాబూ. వరండాలోకి రానేకపోయేరు" అంది అమ్మగారు, మేష్టారి భార్య, నేను బస్సు దిగి వెళ్లేసరికి.

ఆయనకి కొత్త బట్టలు వద్దంది ఆవిడ. రోజూ వేసుకునే నీలం చొక్కానే తొడిగారు, దాని చేతి మీది రంగు మరకతో సహా. సరైన చొక్కా. దాన్ని చూడగానే రెండో వరసలో వాడు గుర్తొచ్చాడు.

మూడో రోజు ఇంట్లో ఆదరణ కూడిక, చర్చివాళ్లు వచ్చి ప్రార్థన చేస్తారు. ఫోటో పక్కన గుర్రాలన్నీ పెట్టాలని అమ్మగారి కోరిక. అంటే వాడు కూడా ఆయన పక్కనే, తప్పుడు కాలరుతో నిలబడతాడు. ఆ పొద్దున్నే వెళ్లి అమ్మగారి దగ్గర అంతా ఒప్పేసుకున్నాను.

"ఇందుకేటి, మూడ్రోజుల్నించి దెయ్యం పట్టినోడిలా తిరుగుతన్నావు?" అంది. "దిద్దీ మరి. ఎవర్నడగాలనీ?"

వరండాలో, ఆయన కుర్చీకి ముందు నేలమీద కూర్చున్నాను. పచ్చలో నలుపు చుక్క కలిపాను. కాలరంతా నింపుతూ అంచున వెంట్రుకంత గులాబీ మిగల్చాలి. గీత ఒకచోట లావయింది. మళ్లీ దిద్దాను. భూతద్దం పట్టి, రౌతుని ఎండలో అటూ ఇటూ తిప్పాను. ఒప్పో తప్పో తేల్చుకోలేక, అలవాటు కొద్దీ వెనక దగ్గు కోసం ఆగాను.

పచ్చరంగు ఆరిపోయింది. ఎవరూ దగ్గలేదు. అసలు భయం అప్పుడు వేసింది.