ముందు సీటు జమానతు

నా చిన్నప్పుడు మా తరిగొప్పులలో మా తాతయ్య జీపు కంటే వయసులో పెద్దది ఊరి పక్కన గుట్ట ఒక్కటే. ఆ జీపు తరిగొప్పుల నుంచి నర్మెట్ట మీదుగా జనగామకు మనుషుల్ని మోసేది. మనుషులు అన్నానంటే మనుషులే అనుకోకండి. పత్తి బోరాలు, మేకపిల్లలు, పెండ్లికూతురి ట్రంకుపెట్టె, ఒకసారి దవాఖానకు పోతూ మంచం దిగనని మొండికేసిన ముసలాయనను మంచంతో సహా మోసింది. పదిమంది పట్టే చోట ముప్పైమంది కూర్చునేవారు, ఇంకో ఊరు ఊరంతా వెనక వేలాడేది. దిగినాక గాని ఏ కాలు ఎవరిదో తేలేది కాదు. దాని హారను మోగితే నర్మెట్టలో పండుకున్న ఎడ్లు లేచి కాడి కోసం వెతుక్కునేవి. నేను కళ్లారా చూశాను కాబట్టి మీరు నమ్మక తప్పదు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా మళ్లీ సభలు మొదలైన రోజులవి. చాయ్ హోటల్లో కూర్చున్నవాడు కప్పు ఖాళీ అయ్యేలోపు రాష్ట్రం తెచ్చేసి, మంత్రివర్గం కూడా పంచిపెట్టి లేచేవాడు. జనగామలో పెద్ద సభ ఉందని, మా ఊరి జీపులు నిలిచే అడ్డాలోని బండ్లన్నీ జనాన్ని నింపుకుని జెండాలతో వరుసగా పోవాలని తీర్మానమైంది. సరిగ్గా అప్పుడే తాతయ్య కళ్లకు మసక పడింది. ఎదురుగా వచ్చేది లారీయో ఎడ్లబండో దగ్గరకు వచ్చి పలకరిస్తే గాని తెలియని దశ. ఇక స్టీరింగు ముట్టవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మా ఇల్లు గడిచేది ఆ జీపు మీదే. కాబట్టి స్టీరింగు మా చిన్నాయనకు రావాలి.

మా నాన్న తమ్ముడైన ఈ చిన్నాయనకు అప్పటికి మీసం ఇంకా దరఖాస్తు దశలోనే ఉంది. లైసెన్సు మాత్రం వచ్చింది. వచ్చిన రోజు దాన్ని జేబులో సగం బయటికి కనిపించేలా పెట్టుకుని ఊరంతా మూడు చుట్లు తిరిగాడు. బర్రెలకు కూడా చూపించాడని గిట్టనివాళ్లు అన్నారు. సభ రోజు వరుసలో అందరికంటే ముందు మా జీపే ఉంటుందని, గాలి కూడా తమను అందుకోలేదని దోస్తులకు మాట ఇచ్చేశాడు.

కాని అడ్డా ఒప్పుకోవాలి కదా. జీపుకు కంపెనీ ఇన్సూరెన్సు కాగితం ఉండేది. అయితే అంతమందిని ఎక్కించుకునే మాకు ఆ కాగితం దేవుడి పటంతో సమానం. దండం పెట్టుకోవడానికే తప్ప అడగడానికి వీల్లేదు. అందుకని అడ్డా డ్రైవర్లు తమ ఇన్సూరెన్సు తామే పెట్టుకున్నారు. చాయ్ హోటల్లో ఒక నూనె డబ్బా ఉండేది. ప్రతి ట్రిప్పు తర్వాత ప్రతి జీపూ అందులో ఇంత వెయ్యాలి. ఎవరి బండికి దెబ్బ తగిలినా, ఎవరికి కాలో చెయ్యో విరిగినా ఆ డబ్బా ఆదుకునేది. ముదురు డ్రైవర్లది ఒక వంతు. కొత్త డ్రైవరు, అందులోనూ కుర్రవాడైతే మూడింతలు. ఈ నియమం పెట్టింది ఎవరో కాదు, మా తాతయ్యే. ఇప్పుడది సొంత కొడుకు నెత్తి మీదే పడింది.

ఆ రోజు నేను తాతయ్య వేలు పట్టుకుని హోటలుకు వెళ్లాను కాబట్టి ఆ పంచాయితీ నాకు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తు.

"నేనేం తప్పు చేసిన్నే నాయినా? బండి ఇంకా చాలు గూడ చెయ్యలే, అప్పుడే జుర్మానానా?" అని చిన్నాయన గుండె బాదుకున్నాడు.

"తప్పు జేసినోనికేసేది జుర్మానా. ఇంకా జెయ్యనోని కాడ తీసుకునేది ఇన్సూరెన్సు" అన్నాడు తాతయ్య, చాయ్ సాసరులో పోసుకుంటూ.

"కండ్లు గానరాని ముసలోళ్లకు ఒక వంతు, గద్ద కండ్లున్న నాకు మూడింతలా? గిదేం ఇన్సాఫు?"

"నీ కండ్లు మంచియేరా. కాలే జర తొందర మనిషి."

హోటలంతా నవ్వింది. ఆ నవ్వుకు రేకులు లేచి మళ్లీ సర్దుకున్నాయి. కాని చిన్నాయన ముఖం చూస్తే నాకు నవ్వు రాలేదు. మూడింతలు డబ్బాలో వేస్తే డీజిలు పోగా ఇంటికి తెచ్చేది దుమ్ము తప్ప ఏమీ ఉండదు. వెయ్యకపోతే అడ్డాలో బండి పెట్టనివ్వరు. అప్పుడు తాతయ్యే మరో దారి చెప్పాడు. పైసలు లేనివాడు మనిషిని జమానతు, అంటే హామీ, పెట్టవచ్చు. తన ఇంటి మనిషిని ప్రతి ట్రిప్పులో ముందు సీట్లో, తన పక్కనే కూర్చోబెట్టుకుని నడపాలి. అడ్డాకు నమ్మకం కుదిరినాక జమానతు దిగిపోతుంది, వాడు అందరిలాగే ఒక వంతు వేసుకోవచ్చు.

"ఎవర్ని పెట్టాలె?" అని చిన్నాయన అడిగాడు.

"ఇంకెవర్ని, మీ అవ్వను" అన్నాడు తాతయ్య.

చిన్నాయన ఎగిరి గంతేశాడు. అవ్వ అంటే మా నాయనమ్మ, అతని కన్నతల్లి. పైసా ఖర్చు లేని తల్లితో మూడింతల ఇన్సూరెన్సు తప్పుతుందంటే ఎవడు కాదంటాడు? తల్లి ఖరీదు ఎంతో అతనికి మరునాడు పొద్దున్నే తెలిసింది.

మా అవ్వకు జనగామ దారిలో తెలియని మనిషి లేడు. తెలియనివాళ్లు ఉంటే ఆగి తెలుసుకునేది. ఆమె గొంతుకు స్టేషనులో కదిలిన రైలు కూడా ఏదో మరిచిపోయానన్నట్టు ఆగేది. జీపు కదిలిందంటే చాలు, చేనులో ఉన్నవాళ్లను, బావి దగ్గర ఉన్నవాళ్లను, ఎదురు జీపులో పోయేవాళ్లను పేరుపేరునా పలకరించేది. చిన్నాయన ముఖం చూసుకునే అద్దాన్ని తన వైపు తిప్పుకుని బొట్టు సర్దుకునేది. పాటల టేపు పెడితే, "గా లొల్లి బందు జెయ్యి కొడుకా, ఎనుక చంటిపిల్ల పండుకున్నది" అనేది. హారను కొడితే, "గా ముసలాయన దడుసుకుంటడు, ఆగు, ఆయనే జరుగుతడు" అనేది. ముసలాయన జరగడానికి ఒక్కోసారి ఒక పంట కాలం పట్టేది. చిన్నాయన పళ్లు కొరుకుతుంటే ఆ చప్పుడు ఇంజను చప్పుడును మించేది. ఇన్ని మాటలు మాట్లాడిన అవ్వ ఒక్క మాట మాత్రం ఎన్నడూ అనలేదు. మెల్లగా పొమ్మని ఆమె కొడుకుతో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఈ సంగతి నేను ఎంతో పెద్దయ్యాక గాని గమనించలేదు.

సభ రోజు రానే వచ్చింది. జీపు ముందు పెద్ద జెండా, వెనక నిండా జనం, పైన చిన్నాయన దోస్తులు. ముందు సీట్లో అవ్వ, ఆమె ఒడిలో నేను, నా కొత్త లంగా మీద అవ్వ తమలపాకుల సంచి. అడ్డా జీపులన్నీ బయలుదేరాయి. తాతయ్య పొద్దున్నే మరో జీపులో ముందుకు వెళ్లిపోయాడు. నర్మెట్ట చేరేసరికి అక్కడివాళ్లు సభకు పోయేవాళ్ల కోసం రోడ్డు పక్కన పులిహోర వండుతున్నారు. ఒక్కో గంగాళం ఎంతుందంటే అందులో మా జీపును కడగవచ్చు. మంచినీళ్లకని ఆగాం. అవ్వ దిగి, గంగాళం దగ్గరకు పోయి, చేతిలో ఇంత వేయించుకుని రుచి చూసింది. ముఖం చిట్లించింది.

"చింతపులుసు పచ్చిగనే ఉన్నది గదే! తెలంగాణ అచ్చేదాక గిట్లనే తినమంటరా జనాన్ని?" అంటూ వండేవాళ్ల చేతిలోంచి గరిటె లాక్కుంది. కొంగు నడుముకు చుట్టింది. ఇక వచ్చేది లేదని, మమ్మల్ని పొమ్మని అక్కడి నుంచే కేకేసింది.

పైన ఉన్న దోస్తులు పెట్టిన ఈలలకు కాకులు చెట్లు ఖాళీ చేశాయి. చిన్నాయన ముఖం టార్చిలైటులా వెలిగింది. జమానతు దిగిపోయింది! ఇక జీపు ఉంది, రోడ్డు ఉంది, తొందర పడే కాలు ఉంది. ఇంజను ఒక గర్జన గర్జించింది. అప్పుడు అవ్వ గరిటెతోనే వచ్చి నన్ను ముందు సీటు మధ్యలోకి జరిపి, జుట్టు సర్ది, కొడుకు వైపు చూసింది.

"పొల్లకు సభ జూపెట్టి తీస్కరా" అంది. అంతే. మళ్లీ గంగాళం దగ్గరకు వెళ్లిపోయింది.

జీపు కదిలింది. నాకు రాజ్యం వచ్చినంత సంబరంగా ఉంది. కాసేపటికి నాకొక వింత కనిపించింది. చిన్నాయన పాదం కిందికి నొక్కుతుంది, అతని కళ్లు నా వైపు తిరుగుతాయి, పాదం మళ్లీ పైకి లేస్తుంది. నొక్కడం, చూడడం, లేవడం. అవ్వ ఉన్నప్పుడు కనీసం గొణుక్కుంటూ పోయేవాడు. ఇప్పుడు గొణుగుడు కూడా లేదు. ఇంకో అడ్డా జీపు ఒకటి మమ్మల్ని దాటిపోయింది. అందులోవాళ్లు జెండాలు ఊపి, "ఏందిరా, బండికి గడ్డి పెట్టలేదా?" అని అరిచారు. తర్వాత ఒక ట్రాక్టరు దాటింది. ఆ తర్వాత సైకిలు మీద ఒక టీచరుగారు దాటి, పాపం అన్నట్టు చూసి వెళ్లారు.

పైనుంచి దోస్తులు రేకు బాదడం మొదలుపెట్టారు. వాళ్లలో తెలివైనవాడు ఒకడు కిటికీలోకి తలకిందులుగా వేలాడి ఉపాయం చెప్పాడు. "అరే, పొల్లను ఎనుకకు పంపురా. మేం పట్టుకుంటం. అప్పుడు నువ్వు కొట్టు బండి!"

చిన్నాయన జీపు ఆపాడు. అతని నుదుటి మీద చెమట చూస్తే చెరువుకు గండి పడ్డట్టుంది. రోడ్డు ముందుకు ఖాళీగా, వాలుగా ఉంది. దోస్తులకు ఇచ్చిన మాట ఒక పక్క, నేనొక పక్క. నా వైపు తిరిగి, "ఎనుకకు పోతవా బిడ్డా?" అని మెల్లగా అడిగాడు. నేను ముందున్న ఇనుపకడ్డీని గబ్బిలంలా కరుచుకున్నాను. నాకు జమానతు గురించి చింత లేదు, ముందు సీటు గురించే. చిన్నాయన కడ్డీ మీద బిగిసిన నా పిడికిళ్లు చూశాడు. తర్వాత ఉన్నట్టుండి నవ్వాడు. బరువు దింపుకున్నవాడి నవ్వు అది. కిటికీలోంచి తల బయటపెట్టి పైకి అరిచాడు.

"పొల్ల ఈన్నే కూసుంటది. బండి గిట్లనే పోతది. తొందరున్నోళ్లు దిగి నడువున్రి!"

నిజంగానే కొందరు దిగి నడిచారు. వాళ్లు మాకంటే ముందు సభకు చేరారన్నది చరిత్ర.

మేం చేరేసరికి ఉపన్యాసాలు అయిపోయి, జై తెలంగాణ అని ఆకాశం చిల్లులు పడేలా చివరి నినాదం వినిపిస్తోంది. జీపులు ఆపిన మైదానం అంచున తాతయ్య, మిగతా డ్రైవర్లు నిలబడి ఉన్నారు. ఎన్ని జీపులు వచ్చినా మాది రాకపోవడంతో తాతయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. మసక కళ్లతో రోడ్డునే చూస్తూ, వచ్చిన ప్రతి బండిని చూపించి అదేనా అని అడిగాడట. ముందు సీట్లో అవ్వ లేదని ఎవరో చెప్పారు. జమానతు లేకుండా వచ్చాడని ఒక డ్రైవరు గొణిగాడు. చిన్నాయన తల వంచుకున్నాడు. అడ్డాలో మా బండి ఉంటుందా పోతుందా తేలేది అప్పుడే.

తాతయ్య కొడుకును ఒక్క మాట అడగలేదు. తడుముకుంటూ వచ్చి నా గడ్డం పట్టుకుని, "భయమైందా బిడ్డా?" అని నన్ను అడిగాడు.

"లేదు తాతా, నిద్రవోయిన. జనగామ ఎప్పుడచ్చిందో నాకు తెల్వనే తెల్వది" అన్నాను. సభలో చివరి నినాదం తప్ప ఏమీ చూడలేదన్న కోపం కూడా కలిపి చెప్పాను.

తాతయ్య నడుము నిటారుగా లేచింది. డ్రైవర్ల వైపు తిరిగి, "ఇన్నరా?" అన్నాడు. కొత్త డ్రైవరు పక్కన, ఆ గుంతల దారిలో, ఆ పాత జీపులో పసిపిల్ల నిద్రపోయింది. గొణిగిన డ్రైవరే ముందుకు వచ్చి చిన్నాయన భుజం తట్టి, "రేపటి సంది నీది గూడ ఒక వంతేరా తమ్మీ" అన్నాడు. తిరుగు దారిలో అవ్వను ఎక్కించుకున్నాం. ఎక్కీ ఎక్కగానే ఆమె నా నోట్లో పులిహోర ముద్ద పెట్టింది. ఆమె ఆ రోజు గరిటె పట్టుకుంది నిజంగా చింతపులుసు కోసమో, కొడుకు కోసమో అని మా ఇంట్లో ఇప్పటికీ తెగని చర్చ నడుస్తుంది. నా ఓటు రెండో దానికే, ఎందుకంటే ఆ పులిహోరలో చింతపులుసు ఇంకా పచ్చిగానే ఉంది.

ఈ రోజుల్లో కొత్తగా కారు నేర్చుకున్న పిల్లలు ఇన్సూరెన్సు మరీ ఎక్కువని నా దగ్గర మొత్తుకుంటారు. నేను సానుభూతిగా తలూపుతాను. తలకు నాలుగు తెల్లవెంట్రుకలు వచ్చినాక నేనూ కారు నడుపుతున్నాను. నా బండి నడక చూసి ఎడ్లబండ్లవాళ్లు కూడా దారి అడిగి దాటిపోతారు. నడిపేటప్పుడు ఎప్పుడైనా పక్క సీట్లో ఉన్నవాళ్ల మాట మధ్యలో ఆగి, తల ఒక పక్కకు వాలుతుంది. అప్పుడు పాట సన్నగా తగ్గిస్తాను. గుంత ఉంటే చుట్టు తిరిగి పోతాను. మనిషి మనల్ని అంతగా నమ్మి కళ్లు మూసుకోవడం ఎంత పెద్ద మాటో ఆ రోజు నుంచి నాకు తెలుసు.