నాలుగు చుక్కల సున్నా

ఆయన సున్నాకి నాలుగు చుక్కలే ఉండాలి. అయిదోది కనబడితే ఆ పూట ఆయనకి నిద్ర పట్టదు, పక్కవాళ్ళనీ పడుకోనివ్వడు.

బోర్డుల మీద అంటించే స్టిక్కర్ అక్షరాలు కత్తిరించే దుకాణంలో ఆయనది కంప్యూటరు పని. తెర మీద ప్రతి అక్షరం అంచునా చుక్కలుంటాయి. మిషను కత్తి ఆ చుక్కలు పట్టుకునే నడుస్తుంది. ఫొటో నుంచి లాగిన అక్షరానికైతే రెండొందల దాకా ఉంటాయి. వాటిని ఒక్కొక్కటే చెరిపి, వంపు నున్నగా తేలితేగాని ఆయన కత్తిని కదలనివ్వడు. వీధి వీధంతా ఆయన్ని ‘నాలుగు చుక్కలాయన’ అనే పిలుస్తుంది. అసలు పేరు ఇంట్లోవాళ్ళకి గుర్తుందో లేదో అనుమానమే.

ఒక ముసలి డాక్టరు తలుపు మీదికి పేరు చేయించుకున్నాడు. అది తయారయ్యేసరికి పాపం ఆ డాక్టరే పోయాడు. కొడుకొచ్చి పేరుకి ముందు ‘కీర్తిశేషులు’ చేర్చమన్నాడు. దానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

ఈ చుక్కల పిచ్చికి ఎక్కువ బలైంది ఆయన మరదలు, తమ్ముడి భార్య. కత్తి తిరిగాక అక్షరాల చుట్టూ మిగిలిన చెత్త షీటుని పట్టుకుని పీకడం ఆవిడ పని. అంతకుముందు ఆ కుర్చీ ఆవిడ భర్తది. రెండేళ్ళ కిందట లారీ గుద్ది అతను పోయాడు. బండి మీద వెనక కూర్చున్న ఆవిడ బతికింది గాని, కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ స్పర్శ పోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పనిలో చేరిన రోజు “చెయ్యి నయమైందా అమ్మా?” అని బావగారు అడిగితే, “బ్రహ్మాండంగా ఉందండీ” అంది. తెలిస్తే ఈ కుర్చీ పోతుంది. రెండు వేళ్ళు చచ్చిన మనిషికి ఇంకో కుర్చీ ఎవరిస్తారు? పొద్దున లేస్తే ఆవిడకి ఇదే బెంగ. ఈయన ఆలస్యానికి దుకాణమే మూతపడుతుందేమోనని దాని మీద ఇంకో బెంగ.

ఆ వారం పెద్దాస్పత్రి గదులన్నిటికీ కొత్తరకం అక్షరాలతో బోర్డులు చెయ్యాల్సి వచ్చింది. ఆస్పత్రి గుమాస్తా రోజూ వచ్చి గుమ్మంలో నిలబడేవాడు.

“శవాగారం బోర్డు ఇంకా కాలేదా? మూడు రోజులైంది!”

“లోపలున్నవాళ్ళకి తొందర లేదు కదండీ,” అన్నాడు బావగారు.

“నాకుంది! రేపు పన్నెండింటికల్లా చేతికివ్వకపోతే పని మొత్తం వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం.”

అతను వెళ్ళగానే మరదలు బావగారి బల్ల దగ్గరికొచ్చింది. “బావగారూ, ఉన్నదున్నట్టు కోసేద్దామండీ. శవాల గది బోర్డుకి చుక్కలెవరు లెక్కపెడతారు?”

“నేను,” అన్నాడాయన.

మర్నాడు పొద్దున ఆయన కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. చుక్కలు చూసీ చూసీ కళ్ళు వాచిపోయాయి. “పదకొండింటికి వచ్చేస్తాను, ఏదీ ముట్టుకోకు” అని చెప్పి మరీ వెళ్ళాడు. పదింటికల్లా గుమాస్తా దిగాడు. ఆవిడ భయపడిపోయి, అతను మొదట్లో ఇచ్చిన అక్షరాల ఫొటోని ఉన్నదున్నట్టే మిషనుకి ఎక్కించింది.

కత్తి అడుగడుక్కీ ఆగుతూ, టకటకలాడుతూ నడిచింది. ఆవిడ చెత్త పీకబోతే పేలికల్లా చిరిగింది. ఒక పేలికతో ‘వా’ లేచొచ్చింది, ఇంకోదానితో ‘గా’. చివరికి సున్నా ఎటుపోయిందో తెలియలేదు. బల్ల కిందా, కుర్చీ కిందా వెతికింది.

“అమ్మా, సున్నా మీ వేలికే ఉంది,” అన్నాడు గుమాస్తా.

నిజంగానే చూపుడువేలికి అంటుకుని ఉంది. ఆవిడకి తెలియనేలేదు. సిగ్గుతో చచ్చిపోయింది. ఇదే ఆస్పత్రికి పూర్వం చేసినవేమైనా పనికొస్తాయేమోనని కంప్యూటర్లో వెతికింది. మూడేళ్ళ కిందటి శవాగారం బోర్డు దొరికింది. పాతరకం అక్షరాలు, బావగారు గీసినవే. సున్నాకి ముప్ఫై ఒక్క చుక్కలు! తప్పు చూశానేమోనని రెండుసార్లు లెక్కపెట్టింది. మిగతా పాతవీ తీసింది. ముప్ఫై, నలభై, ముప్ఫై అయిదు. ఆవిడ కుర్చీలో కూర్చున్న సోమవారం నుంచి మాత్రం అన్నిటికీ నాలుగే.

నల్లకళ్ళద్దాలతో ఆయన లోపలికొచ్చి పాడైన షీటు చూశాడు.

“బావగారూ, అప్పట్లో మీ సున్నాకి ముప్ఫై ఒక్క చుక్కలుండేవి.”

“అప్పుడు పీకేది మా తమ్ముడు. వాడికి పది వేళ్ళూ పనిచేసేవి.”

“మీకు... తెలుసా?”

“మొదటి రోజే పొగలు కక్కే స్టీలు గ్లాసు ఆ చేత్తో పట్టుకుని బోలెడు కబుర్లు చెప్పావు. చుక్కలు తగ్గితే కత్తి ఆగకుండా పోతుంది, చెత్త ఒక్క ముక్కగా లేచొస్తుంది. అంతేగా! లే, కంప్యూటరు నాకివ్వు.”

రెండేళ్ళుగా మోస్తున్న భయం ఒక్కసారిగా దిగిపోయింది. ఏడుపొచ్చింది గాని, గుమాస్తా ఎదురుగా ఉన్నాడని మింగేసింది.

“ఇంకెంతసేపమ్మా?” అన్నాడతను గడియారం చూసుకుంటూ.

“కూర్చోండి. లోపలున్నవాళ్ళకి తొందర లేదు,” అంది మరదలు.

పన్నెండుకి పది నిమిషాలుండగా ఆవిడ చెత్త షీటు అంచు పట్టి లాగింది. మొత్తం ఒక్క ముక్కగా లేచొచ్చింది, అక్షరాలు కదలలేదు. గుమాస్తా బోర్డు చంకన పెట్టుకుని పరుగెత్తాడు. అప్పుడు బావగారు ఆవిడ వేలికింకా అంటుకునే ఉన్న పొద్దుటి సున్నాని ఊడదీసి, అద్దాలు నుదుటి మీదికి నెట్టి, వెలుతురులో పెట్టి చూశాడు.

“అరవై నాలుగు!” అన్నాడు అసహ్యంగా. “ఛీ!”