గంప కింద సేటు

జంపక్కకు కోపం ముక్కు మీద ఉంటుందనేవాళ్లు ఆమెను సరిగ్గా చూడనివాళ్లు. ముక్కు మీదే ఉంటే తుడుచుకుంటే పోయేది. ఆమెకు ఒళ్లంతా కోపమే. మిరప కోతకు పోతే మేస్త్రీతో, సంతకు పోతే ఉప్పమ్మేవాడితో, ఎవరూ దొరక్కపోతే పొయ్యిలో రాజుకోని కట్టెతో గొడవ పెట్టుకునే మనిషి. దుమ్ముగూడెం దాటి లోపలికి పోతే వచ్చే గూడెంలో ఆమె ఇల్లు. కూతురు శారద పినపాకకు కోడలిగా వెళ్లిపోయాక ఆ ఇంట్లో ఆమె అరుపులు వినడానికి ముగ్గురు మిగిలారు. సేటు అనే ఎర్రపుంజు, పోలీసు అనే కుక్క, రామన్న అనే మొగుడు. ముద్దు కూడా ఆ వరసలోనే.

సేటు పిల్లగా ఉన్నప్పుడు తల్లికోడిని గద్ద తన్నుకుపోయింది. జంపక్క ఆ పిల్లను కొంగులో కట్టుకొని పెంచింది. కలుపుకు పోయినా కొంగులోనే, అన్నం తిన్నా కొంగులోనే. పెరిగి పెద్దదయ్యాక అది గింజలు మేసి, మెడ ఎత్తి, ఆ వాకిలి మొత్తం తనదే అన్నట్టు తిరిగేది. అందుకే సేటు. కోడి కూసే వేళకు సరిగ్గా ఆమె మంచం కోడు మీదికెక్కి చెవిలో కూసేది. నీ గొంతు పడిపోను అని తిట్టుకుంటూ ఆమె లేచేది. సేటు కూత, జంపక్క తిట్టు, ఈ రెండూ వింటే గాని ఆ వీధికి తెల్లవారేది కాదు.

ఇక చిక్కుడు పండుగ సంగతి. గూడెంలో పండుగ కాకముందు ఎవరూ కొత్త చిక్కుడుకాయ తెంపకూడదు. ముందు వేల్పులకు పెట్టాలి, ఆ తర్వాతే మనిషి నోటికి. ఆగలేక తెంపిన ఇల్లు తప్పు కట్టాలి. తప్పు అంటే ఒక ఎర్రపుంజు. దాన్ని పండుగనాడు కోసి గూడెమంతా పంచుకు తింటారు. ఈ కట్టుబాటుకు గూడెం పెద్ద ముత్తయ్య కంటే గట్టి కాపలా జంపక్క. కిందటేడు పక్కింటి రామక్క మనవరాలు శ్రావణి, ఇంకా బడికి పోని పిల్ల, దడి మీది పచ్చికాయలు రెండు కొరికింది. చూసింది జంపక్కే. పసిదానికి ఏం తెలుసు, పోనీ వదిలెయ్యమని రామక్క చేతులు పట్టుకుంది. జంపక్క వింటేనా! ఇవాళ పసిదని వదిలితే రేపు ముసలిదని వదలాలా అంటూ ముత్తయ్య వాకిట్లో నిలబడి గూడెమంతా వినేలా అరిచింది. రామక్కకున్న ఒక్క పుంజూ పండుగ కూర అయిపోయింది.

ఏడాది తిరిగింది. రెండువేల ఆరో సంవత్సరం మొదటి రోజు. రామన్న దుమ్ముగూడెంలో ఒక హాస్టల్‌లో వాచ్‌మన్. సెలవులు కదా, కొత్త సంవత్సరం మన ఇంట్లోనే చేసుకుందామని అక్కడి క్లర్కు శ్రీనివాస్‌ను, వంటమనిషి రాందాస్‌ను పిలిచాడు. పెళ్లాంతో ముందు చెప్పాలనే ఆలోచన ఆయనకు వాళ్లు జీపు దిగుతుండగా వచ్చింది. శ్రీనివాస్ భద్రాచలం నుంచి కేకు తెచ్చాడు. ఆయన భార్య నిర్మలాదేవి తల్లాడ మనిషి. ఊరికే కూర్చొని తినడం అంటే చుట్టమై పోయి పరువు తీసుకోవడమేనని నమ్మే మంచి ఇల్లాలు. దిగీదిగగానే కొంగు బిగించి, వదినా, ఏం పని ఉందో చెప్పు అంది.

కేకు కోశారు. పోలీసు మూతికంతా తెల్ల క్రీము అంటించుకొని వాకిలి చుట్టూ పరుగెత్తింది, అందరూ నవ్వారు. జంపక్క మాత్రం నవ్వలేదు. శ్రీనివాస్ చూపు సేటు మీద పడింది. భలే పుంజు, ఎంత తూగుతుందో అన్నాడు. అంతే, ఆమె సేటును పట్టుకొని పెద్ద గంప కింద మూసి, పైన రాయి పెట్టి, పోలీసును పక్కన కూర్చోబెట్టి, దీన్ని చూసుకో, కదిలావో కాళ్లు విరుగుతాయి అని చెప్పింది. నల్ల పెట్టను కోసి ముక్కలు కొట్టి పొయ్యి మీద పెట్టింది. విస్తర్లకు మోదుగాకు తేవడానికి వాగు వైపు వెళ్లింది. పుంజుకు ఇంత కాపలా పెట్టిన మనిషికి దడి మీద విరగ్గాసిన చిక్కుడు తీగ గుర్తుకు రాలేదు.

ఆమె ఆకులతో తిరిగి వచ్చేసరికి తీగ కింది కొమ్మలు బోడిగా ఉన్నాయి. పొయ్యి మీద కూర ఉడుకుతోంది. కోడి కూరలో చిక్కుడుకాయ.

మా తల్లాడ దిక్కు ఇట్లనే వండుతం వదినా, కూర ఒదుగుతది కూడా అని నిర్మలాదేవి గరిటెతో తిప్పుతూ చెప్పింది. ఆమె ముఖంలో మెచ్చుకోలు కోసం ఎదురుచూపు తప్ప పాపం ఏమీ లేదు. ఏదో తప్పు జరిగిందని పసిగట్టిన రాందాస్ ఏమో నేలచూపులు. రామన్న అయితే తేలు కుట్టిన దొంగ.

ఇంటికొచ్చిన మనిషిని అనకూడదు. అది కూడా గూడెం కట్టుబాటే. జంపక్క జన్మలో మొదటిసారి నోరు మూసుకుంది. మూసుకున్న నోటి వెనక పళ్లు పటపటమంటున్నాయి. చుట్టాలకు వడ్డించింది. కడుపులో బాగాలేదని తను తినలేదు. రామన్న వట్టి అన్నం, పచ్చిమిరపకాయ నంజుకొని, మింగలేక కక్కలేక కూర్చున్నాడు. నిర్మలాదేవి రెండుసార్లు బతిమాలింది. పొద్దు వాలకముందే జీపు వెళ్లిపోయింది. మళ్లీ ఏడు కూడా మీ ఇంట్లోనే అని శ్రీనివాస్ చెయ్యి ఊపాడు.

జీపు మలుపు తిరగ్గానే జంపక్క మొగుడి వైపు తిరిగింది. ఆ తిట్లన్నీ రాస్తే కాగితం అంటుకుంటుంది. నీ కళ్ల ముందే తెంపుతుంటే నీ నోట్లో ఏముంది, మన్నా అని అడిగింది.

“ఇంటికొచ్చిన ఆడమనిషిని వద్దని ఎట్లంటనే? అప్పటికే చెయ్యి తీగ మీద ఉంది,” అన్నాడు రామన్న. గొంతు తగ్గించి, “ఎవరు చూసిండ్రు? మేక మేసిందని చెప్దాం,” అన్నాడు.

ఆమె తిట్టు సగంలో ఆగింది. నిజమే, ఎవరూ చూడలేదు. మేక మేసిందంటే గూడెం నమ్ముతుంది. జంపక్క ఇంట్లో తప్పు జరుగుతుందని ఎవరూ కలలో కూడా అనుకోరు. చెబితే మాత్రం ఎర్రపుంజు కట్టాలి. ఇంట్లో ఉన్న ఎర్రపుంజు ఒక్కటే. గంప కింద సేటు ముక్కుతో టకటకమని కొట్టింది. కుక్క చెవులు రిక్కించింది.

మిగిలిన కూర పెరట్లో పూడ్చమని ఆమె చెప్పనూ లేదు, వద్దననూ లేదు. రామన్న పార తెచ్చాడు. అప్పుడే దడి అవతల రామక్క కనిపించింది. ఆమె పొయ్యి దడికి ఆనుకొనే ఉంటుంది. మధ్యాహ్నం నుంచి అక్కడే కూర్చుంది. చిక్కుడు వాసన తెలియకుండా ఎట్లా ఉంటుంది? జంపక్క నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడింది. ఇక అరుస్తుంది, అరవనీ, కిందటేడుది ఇప్పుడు తీర్చుకోనీ అనుకుంది.

రామక్క బోడి కొమ్మలను చూసింది. పారను చూసింది. గంపను చూసింది.

“నాకు పడిశెం పట్టింది జంపీ. పొద్దటి సంది ఏ వాసనా తెలుస్తలేదు,” అని లోపలికి వెళ్లిపోయింది.

ఇదిగో, ఇక్కడ వచ్చింది జంపక్కకు అసలైన కోపం. అప్పటిదాకా వచ్చిందంతా ఉత్త ఆవిరి. రామక్క పొద్దున్నే ఎండుచేపలు కాల్చుకుంటూ, మాడు వాసన వస్తోందని మనవరాలిని పిలవడం జంపక్క చెవులారా విన్నది. పడిశెమూ లేదు, పాడూ లేదు. ఊరికే వదిలేసింది. తను వదలని చోట రామక్క వదిలేసింది. తిట్టి ఉంటే తిట్టుకు తిట్టు చెల్లిపోయేది. ఈ మంచితనానికి బదులు ఏం చెప్పాలి? ముసలిదానికి ఎంత పొగరు, నా మీద దయ చూపించేటంత పొగరా అని రామన్నను వాయించింది. ఆ రాత్రి ఆయన వాకిట్లో పడుకున్నాడు.

తెల్లవారి సేటు మంచం కోడు మీద కూసింది. జంపక్క తిట్టలేదు. లేచి గుప్పెడు జొన్నలు దాని ముందు పోసి, అది తినేదాకా నిలబడింది. తర్వాత చంకన పెట్టుకొని ముత్తయ్య ఇంటికి బయలుదేరింది. దారి పొడుగునా తిట్టుకుంటూనే నడిచింది. కేకును, జీపును, తల్లాడను, చిక్కుడు తీగ నాటిన రోజును, మొగుణ్ని, అన్నిటికంటే ఎక్కువగా రామక్కను.

ముత్తయ్య జరిగిందంతా విని తల పంకించాడు. చుట్టం చేసిన పని కదా, తెలియక చేసింది కదా, మీరు నోట కూడా పెట్టలేదు కదా, పోనీలెమ్మన్నాడు.

“కిందటేడు పసిది తెలిసి చేసిందా? దాన్ని పోనియ్యమంటే నేను ఊకున్ననా?” అంది జంపక్క. “పట్టుకో. జల్దీ పట్టుకో, నా చెయ్యి నొస్తుంది.”

వారానికి పండుగ వచ్చింది. వేల్పులకు కొత్త చిక్కుడు పెట్టారు, సేటును కోశారు. మధ్యాహ్నం అందరికీ ఆకుల్లో కూర వచ్చింది. చిక్కుడు ఉడకలేదని, ఉప్పు లేదని, వండినవాళ్లకు చేతులున్నాయా అని జంపక్క కనిపించినవాళ్లనల్లా తిడుతూ తిరిగింది. తన ఆకు ముట్టలేదు. తిరిగి తిరిగి రామక్క దగ్గర ఆగింది. రామక్క చిక్కుడు మాత్రం తిని, కోడి ముక్కలు ఆకు చివరకు జరిపి కూర్చుంది. ఎందుకు తినవని జంపక్క నిలదీసింది.

“దాన్ని నువ్వు కొంగుల పెంచినవ్. నాకు నోట్లకు పోతలేదు,” అంది రామక్క.

జంపక్క ముఖం జేవురించింది. ఆమె ఎదుట చతికిలబడి ఆకును ముందుకు తోసింది.

“తిను వదినె. కిందటేడు నీ పుంజు కూర నేను రెండోసారి అడిగి పెట్టించుకున్న. బాగుందన్న. నువ్వు నా పక్కనే కూసున్నవ్. ఇప్పుడు తిను, నా కండ్ల ముందర తిను.”

ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, గొంతు మాత్రం తిడుతున్నట్టే ఉంది. రామక్క ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. ఆకు ఖాళీ అయ్యేదాకా జంపక్క అక్కడి నుంచి లేవలేదు.

మర్నాడు జంపక్కకు మెలకువ వచ్చేసరికి ఎండ మంచం మీదికి వచ్చింది. ఎందుకు లేపలేదని మొగుణ్ని తిట్టడానికి నోరు తెరిచి వాకిట్లోకి వచ్చింది. మూలన గంప బోర్లించి ఉంది. దాని పక్కన పోలీసు, కాళ్లు చాపుకోకుండా, బుద్ధిగా కూర్చొని కాపలా కాస్తోంది.