పప్పు ఉడకని నీళ్లతో గడ్డి మందు

ఆ వానాకాలం మా వదిన నన్ను ఒక్కటే అడిగింది. హత్నూర దగ్గర ఉన్న ముప్పై గుంటల మెట్ట చెల్కలో, తను నడుము వంచకుండా గడ్డి పోవాలి. పోతే పత్తి పెడుతుంది, పోకపోతే ఆ యేడు బీడుగా వదిలేస్తుంది. అన్న చనిపోయాక రెండేళ్లు ఆమే ఒంగి కలుపు తీసింది. మూడో యేడు నడుము పట్టేసింది. సంగారెడ్డి డాక్టరు ఇక ఒంగొద్దన్నాడు. కూలికి పిలుద్దామంటే చుట్టుపక్కల ఆడవాళ్లంతా పొద్దున్నే కంపెనీల ఆటోల్లో వెళ్లిపోతున్నారు.

నేను పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని చేస్తాను. పదో తరగతి తర్వాత నాకు ఎవరూ లెక్కలు చెప్పలేదు. పాత పుస్తకాలు కొనుక్కుని, షిఫ్టుల మధ్య నాకు నేనే నేర్చుకున్నాను. అందుకని ఇంట్లో ఏది కొలవాలన్నా నా దగ్గరికే వస్తారు. గడ్డి మందు కూడా అలాగే నా భుజానికెక్కింది.

మొదటి సెలవు రోజు, కొలత కోసం, వీపున తగిలించుకునే స్ప్రే ట్యాంకులో ఉత్త నీళ్లు పోసుకుని కొడుతూ నడిచాను. పదహారు లీటర్లకు మూడు గుంటలు తడిశాయి. అంటే మొత్తం పది ట్యాంకులు. మందు లీటరుకు పది మిల్లీలీటర్లు, ట్యాంకుకు నూట అరవై. ప్లాస్టిక్ పైపు ముక్కలతో మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం ఒకటి చేసి, ఐదు చోట్ల పడేసి లోపలి గడ్డి మొక్కలు లెక్కపెట్టాను. సగటున నూట అరవై రెండు. ఎక్కువ తుంగ, మిగతాది గరిక.

వదిన గట్టు మీద కూర్చుని చూస్తోంది. "గడ్డిని గుడ రాస్కుంటవా ఏంది? ఇగ దానికి ఆధార్ కార్డులు గుడ ఇప్పియ్" అంది.

"లెక్క లేకుంటే సచ్చిందో లేదో ఎట్ల తెలుస్తది, వదినా?"

"సస్తే ఎండుతది. గంతకు లెక్క ఎందుకు?"

బోరు నీళ్లు పట్టి మందు కలిపి పది ట్యాంకులూ కొట్టాను. సాయంత్రం బస్సులో కూర్చుంటే భుజాలు నావి కానట్టున్నాయి.

పన్నెండు రోజుల తర్వాత వెళ్లాను. ఆకుల కొనలు కొంచెం మాడాయి, మొదళ్లలో కొత్త చిగురు వేస్తోంది. చట్రం వేసి లెక్కపెడితే నూట నలభై ఎనిమిది.

"పద్నాలుగు సచ్చినయ్" అన్నాను.

"మిగిలినయ్ నీ లెక్క సూసి నవ్వుతున్నయ్" అంది వదిన.

తిరుగు బస్సులో లెక్క మళ్లీ మొదటినుంచి చేశాను. తప్పు లేదు. నడక సరిపోయింది, మందు సరిపోయింది, ఆ రోజు వాన కూడా పడలేదు. తప్పు దొరికితే దిద్దుకోవచ్చు. దొరకని తప్పుతో వారమంతా డ్యూటీ చేయడం ఎంత అలసటో అప్పుడు తెలిసింది.

పురుగుమందుల దుకాణంలో అడిగితే, తుంగాకు నున్నగా ఉంటుందని, చుక్క జారిపోతుందని, బట్టల సబ్బు కోరి కలిపితే పట్టుకుంటుందని చెప్పారు. మాటలో న్యాయముంది. చుక్క ఆకు మీద ముత్యంలా నిలబడి దొర్లిపోవడం నేనూ చూశాను. ఈసారి సబ్బును త్రాసులో తూచి, ట్యాంకుకు ఇరవై గ్రాముల చొప్పున కోరి కలిపాను.

నురుగు రాలేదు. నీళ్ల మీద విరిగిన పాలలా తెల్లటి తెట్టె కట్టింది. ఇరవై అడుగులు నడవకముందే నాజిల్ పూడుకుపోయింది. విప్పి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, మళ్లీ బిగించాను. మరో పదిహేను అడుగులకు మళ్లీ పూడింది. నాలుగో ట్యాంకు దగ్గర నేనూ గట్టు మీద కూలబడ్డాను.

వదిన ట్యాంకులోకి తొంగిచూసింది. "ఈ బోరు నీళ్లల్ల సబ్బు ఏడ నురుగొస్తదయ్యా? వీట్ల పప్పే ఉడకదు. వంటకు నేను ఊళ్లెకెళ్లి నల్లా నీళ్లు మోసుకొస్త గద."

"ముందే చెప్పొద్దా?"

"నువ్వు అడిగితివా? మందెంత, అడుగెంత, గుంటెంత అని రాసుకుంటివి. నీళ్లు ఏం నీళ్లని ఒక్కసారన్న అడిగినవా?"

బాయిలర్ దగ్గర రోజూ నా మొదటి పనే నీళ్లు పరీక్షించడం. పది లక్షల పాళ్ల నీళ్లలో సున్నం ఐదు పాళ్లు దాటితే గొట్టాల్లో పెచ్చు కడుతుందని కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెప్పేది నేనే. అదే చేతులతో పది ట్యాంకుల బోరు నీళ్లు పట్టి, వాటిని ఉత్త నీళ్లే అనుకున్నాను.

మిగిలిన ఆరు ట్యాంకులు కొట్టలేదు. ఒక సీసాలో బోరు నీళ్లు పట్టుకుని ఫ్యాక్టరీకి తెచ్చాను. అక్కడి పరీక్ష సులువు. నీళ్లలో చిటికెడు పొడి వేస్తే ఎర్రబడతాయి. గాజు గొట్టంలోంచి మరో ద్రావణాన్ని చుక్కలు చుక్కలుగా వదులుతూ, ఎన్ని చుక్కలకు ఎరుపు పోయి నీలం వస్తుందో చూడాలి. మా బాయిలర్ నీళ్లకు ఒకటి రెండు చుక్కలు చాలు. ఈ నీళ్లకు గొట్టం మొత్తం ఖాళీ అయినా ఎరుపు పోలేదు. మళ్లీ నింపాను. పక్కన నిలబడి చూస్తున్న, బాయిలర్ మంట చూసే బిహారీ ఫైర్‌మన్ "భాయ్, పానీ హై యా పత్థర్?" అని నవ్వాడు. నీళ్లా, రాయా అని. లెక్క కడితే సున్నం ఏడువందల ముప్పై పాళ్లు వచ్చింది.

మా గేటు ఎదుట టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన కూర్చుంటాడు. పరిశోధన పొలాల్లో ఏళ్ల తరబడి స్ప్రే ట్యాంకు మోసి రిటైరయ్యాడు. ఆయనకు నోట్‌బుక్ చూపించాను. చదవకుండానే తిరిగిచ్చాడు.

"సున్నం నీళ్లల్ల గడ్డి మందు పోస్తే, మందు గడ్డికి పోదు తమ్మీ, సున్నాన్ని పట్టుకొని కూసుంటది. నువ్వు పది ట్యాంకులు సున్నానికి కొట్టినవ్."

"మరి సబ్బు?"

"సబ్బు గుడ గంతే. దాన్ని గుడ సున్నమే తిన్నది." టీ తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "అమ్మోనియం సల్ఫేట్ తే. యూరియా కాదు, మల్ల గదే గిదే అని తేకు. ముందుగాల గది నీళ్లల్ల కరగాలె. గప్పుడు సున్నం దానితోని పోతది. తర్వాత మందు. అన్నిటికన్న ఆఖర్కి జిగురు మందు. ఎనకాముందైతే నీ కష్టం మల్ల బోర్ల పోసినట్టే."

జిగురు మందు అంటే చుక్క జారకుండా ఆకు మీద పల్చగా పరుచుకునేలా చేసే ద్రావణం. అది ఆ మందుల దుకాణంలోనే ఉంది, మొన్న నేనే సబ్బు మాట వినగానే ఇంకేమీ అడగకుండా వచ్చేశాను. అమ్మోనియం సల్ఫేట్ ఎరువు మాత్రం మూడు ఊళ్లు తిరిగితే జోగిపేటలో దొరికింది. చూడటానికి పంచదారలా ఉంటుంది. లీటరుకు ఇరవై గ్రాములు, ట్యాంకుకు మూడువందల ఇరవై.

మూడోసారి కొట్టడానికి వెళ్లేసరికి గడ్డి మోకాలి దాకా వచ్చింది. ఎరువును బకెట్‌లో అవే బోరు నీళ్లలో కరిగించి, నలుసులు పోయేలా పాత నూలు చీర ముక్కలో వడగట్టాను. తర్వాత మందు. చివర జిగురు. ఒక ట్యాంకు కొట్టి ఆకుల దగ్గర ఒంగి చూశాను. చుక్కలు నిలబడలేదు, ఆకంతా తడిసి మెరుస్తోంది. వదినను పిలిచి చూపించాను.

"మెరుస్తే సచ్చినట్టా?" అంది.

"చెప్పలేను."

"నీ నోటికెళ్లి గా మాట ఫస్ట్‌సారి ఇంటున్న."

మిగతా తొమ్మిది ట్యాంకులూ కొట్టాను. పంపు కొట్టీ కొట్టీ చాలాసేపటిదాకా ఎడమచెయ్యి పిడికిలి విప్పుకోలేదు.

మళ్లీ పన్నెండు రోజులు. ఈసారి బస్సు దిగి మలుపు తిరగగానే చెల్క గోధుమరంగులో కనిపించింది. గరిక మొదలంటా ఎండిపోయింది. తుంగ చాలామటుకు పడిపోయింది, అక్కడక్కడా మట్టిలోని గడ్డల్లోంచి సన్నటి పచ్చ మొలకలు వస్తున్నాయి. ఐదు చోట్లా చట్రం వేశాను. వదిన నా వెనకే నడిచింది, ఈసారి ఎగతాళి చేయలేదు.

"ఎన్ని?"

"పదకొండు."

"నూట అరవైల పదకొండేనా?" ఆమె ఎండిన గరికను చెప్పుతో తన్ని చూసింది. తర్వాత అసలు సంగతి అడిగింది. "పత్తికి టైముందా?"

దానికి లెక్క నేను బస్సులోనే చేసుకున్నాను. మొదటి మందు కొట్టి నలభై నాలుగు రోజులైంది. "లేదు వదినా. ఇప్పుడు పెడితే కాయ పట్టేసరికి వానలు పోతయ్. నేను ముందే నీళ్లు సూసుకుంటే..."

"గవన్ని ఇప్పుడెందుకు?" ఆమె చెల్క ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది. బీడు పెడతానంటుందని నేను ఎదురుచూస్తున్నాను. "కంది పెడ్త. ట్రాక్టరాయనకు ఫోన్ చెయ్."

"మల్ల మొలకలొస్తయ్. మందు మల్ల కొట్టరాదు, కంది గుడ సస్తది."

"పదకొండే గద. పీటేసుకొని కూసోని పీకుత. కూసోవద్దని డాక్టర్ చెప్పలే."

పీట తేవడానికి ఆమె ఇంటివైపు నడిచింది, నడుము మీద చెయ్యి ఆనించుకుని, మెల్లగా. ముప్పై గుంటలంటే మూడువేల ముప్పై చిల్లర చదరపు మీటర్లు. మీటరుకు పదకొండు చొప్పున ముప్పై మూడు వేలు దాటుతుంది. వెనక్కి పిలిచి చెప్పాలా అని కాసేపు నిలబడ్డాను. చెప్పలేదు. నా సెలవు ఆ ఒక్కరోజే. చట్రం గట్టు మీద పెట్టి, తూర్పు మూలన కూర్చుని తుంగ పీకడం మొదలుపెట్టాను.