మునెమ్మ మిద్దె మీద బఫేమ్మ

ప్రొద్దుటూరులో మునెమ్మ మిద్దె మీద బఫేమ్మ అనే అమ్మవారు వెలిసిందని జమ్మలమడుగు దాకా చెప్పుకుంటున్నారు. వెలవలేదు. పులివెందుల పక్కకు పోయేసరికి ఆ అమ్మవారికి మూడు కళ్లని, కోడిపులుసు తప్ప ఇంకేదీ ముట్టదని కూడా కలిపారట. అదీ అబద్ధమే. కళ్లు రెండే, అవి కూడా ఎండుద్రాక్షలు. జరిగింది జరిగినట్టు ఒకరన్నా చెప్పాలి కదా! పక్కింటి జానీబీ అంతసేపూ అక్కడే ఉంది. ఆమె చెప్పినదాంట్లో సగం కొట్టేసినా ఇంత మిగిలింది.

మునెమ్మ భర్త కాటమయ్యది గొర్రెల బేరం. చాపాడు దగ్గర మంద వెనకాల పుట్టి పెరిగిన మనుషులు, ఇప్పుడు టౌనులో మిద్దిల్లు కట్టుకున్నారు. మునెమ్మ మనిషి సన్నం, గొంతు లావు. వడ్డనంటే ఇక ఆమెదే. ఎవరింట్లో పెళ్లయినా, అమ్మవారి దేవరయినా, కొంగు నడుముకు చుట్టి సంగటి తట్ట ఎత్తుకుందంటే ఆఖరి బంతి లేచేదాకా దించదు. చాలన్నవాళ్ల విస్తట్లో రెండు ముద్దలు, వద్దన్నవాళ్ల విస్తట్లో మూడు ముద్దలు పడతాయి. అట్లాంటి మనిషికి వడ్డనలోనే చెడ్డపేరొచ్చింది. అదీ సొంతింట్లో, గృహప్రవేశం నాడు.

కాటమయ్య అక్క ఓబులమ్మది సింహాద్రిపురం. తొమ్మిదేళ్ల కిందట ఆ గృహప్రవేశానికి వచ్చి, బంతిలో కూర్చుని, సంగటి ముద్ద నడుమ వేలితో గుంత చేసుకొని నెయ్యి కోసం చూస్తూ ఉంది. మునెమ్మ నెయ్యిగిన్నెతో వరసగా వస్తూ ఉంది. సరిగ్గా అప్పుడే ఎవరో వెనక నుంచి "మునెమ్మా, నీళ్ల మోటరు ఆగిపోయిందే" అని కేకేశారు. మునెమ్మ తల వెనక్కి తిరిగింది గానీ కాళ్లు ముందుకే పోయాయి. ఓబులమ్మ విస్తరి దాటిపోయింది. గుంత గుంతగానే ఉండిపోయింది.

ఓబులమ్మ అరవలేదు, ఏడవలేదు. విస్తరి మడిచి లేచి, "నా తమ్మునింట్లో నాకు నెయ్యి కరువైపాయె" అని చెప్పి బస్సెక్కింది.

ఆ తర్వాత తప్పనిసరి పనుల మీద మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ నీళ్ల బాటిలు ఇంటి నుంచే తెచ్చుకుంది. సింహాద్రిపురంలో మునెమ్మకు 'నెయ్యి దాటిచ్చిన మునెమ్మ' అని పేరు పడిపోయింది. క్షమాపణ చెప్పుకుందామని మునెమ్మ రెండుసార్లు పోతే, ఓబులమ్మ కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, "నేనేమన్నా అంటినా మునెమ్మా? నాకు నెయ్యి పడదులే" అంది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఈ యేడు మునెమ్మ, కాటమయ్యల పెళ్లయి ఇరవై అయిదేళ్లు నిండాయి. కూతురు గీతాంజలి జమ్మలమడుగులో ఒక బళ్లో టీచరు. ఇంట్లోనే పార్టీ చేయాలని పట్టుబట్టింది.

"బఫే పెడదాం మా. పెండ్లిరోజు గూడా నువ్వే గరిటె పట్టుకోని తిరుగుతావా?"

"బఫే అంటే నిలబడి తినేది కదా? గొర్రెలు తిన్నట్ల."

"గొర్రెలు వంగి తింటాయి మా."

"మరి వడ్డించేదెవురే?"

"ఎవురూ వడ్డించరు. ఎవురికి కావాల్సింది వాండ్లే పోయి ఏసుకుంటారు."

బియ్యం చెరుగుతున్న మునెమ్మ చేట ఆగిపోయింది. "ఎవురికీ ఎవురూ ఏయరా?"

"ఏయరు."

"నెయ్యి గూడా?"

"నెయ్యి గూడా."

మునెమ్మ బుర్రలో దీపం వెలిగింది. ఎవరూ వేయకపోతే, ఎవరినీ దాటించేదే లేదు! ఇంత మంచి ఉపాయం తొమ్మిదేళ్ల నుంచి ఎవరి దగ్గర దాక్కుందో! "పెట్టు బఫే. మీ అత్తను నేనే పోయి పిల్చుకొస్తా" అని చేట పక్కన పెట్టేసింది.

ఓబులమ్మ వస్తానంది. "తమ్ముని పెండ్లిరోజు కదా, వస్తా. తినేది గినేది మాత్రం నన్నడగొద్దు."

మునెమ్మ ఆ మాట జానీబీకి చెప్పి నిట్టూర్చింది. "ఈతూరి గూడా మా వదిన తినకుండా పోతే, ఇంగ నేను సచ్చినా ఈ గడప తొక్కదు జానీబీ."

"నువ్వు సస్తే వస్తాదిలే అక్కా" అంది జానీబీ. "తినదంతే."

పార్టీ పొద్దున గీతాంజలి ఫోనులో ఒక వీడియో పెట్టింది. తక్కువ పనితో గొప్పగా కనపడాలంటే వంటలన్నీ ఒకే ఎత్తున పెట్టకూడదట, మెట్లుమెట్లుగా పెట్టాలట. పైన మంచి గుడ్డ పరవాలట. నడిమధ్యలో అందరి కళ్లూ పడేటట్టు ఏదో ఒకటి నిలబెట్టాలట. మునెమ్మకు ఇది కొత్త విద్యగా అనిపించలేదు. ఏటా దేవరకు చేసేది ఇదే కదా! మిద్దె మీద బల్ల వేసి, పాలక్యాన్లు తిరగేసి మూడు మెట్లు చేసింది. వాటి మీద తన పెళ్లినాటి పసుపు పట్టుచీర పరిచింది. అంచుల వెంట బంతిపూల దండలు కట్టింది. సంగటి ముద్దలను గోపురంలాగా పేర్చింది. ఓళిగలను, అదే బొబ్బట్లను, తామర రేకుల్లాగా పరిచింది. కడప నుంచి అద్దెకు తెచ్చిన పెద్ద గిన్నెల్లో కోడిపులుసు, గుత్తివంకాయ పోసి, అవి చల్లారకుండా కింద చిన్న చిన్న దీపాలు వెలిగించారు.

నడిమధ్యకు హంస కావాలి. కలింగరపండుతో, అంటే పుచ్చకాయతో, హంసను చెక్కడం వీడియోలో రెండు నిమిషాల పని. కాటమయ్య గొర్రెలు కోసే కత్తి తెచ్చుకుని ఒక మూలన గంటసేపు కూర్చున్నాడు.

"ఏమయ్యా, హంస యాడ?" అని అడిగింది మునెమ్మ.

"మెడ ఇరిగిపాయె."

"మరి చేతిలో ఏందది?"

"మిగిలినదాంట్లో ఏదో మొగమట్ల కనపడితే, నోరు చెక్కినా."

నోరు బాగానే వచ్చింది. లోపలి ఎర్ర గుజ్జు బయటపడి నాలుక చాపినట్టుంది. జానీబీ నవ్వాపుకోలేక రెండు ఎండుద్రాక్షలు తెచ్చి కళ్లు పెట్టింది, నెత్తిన ఒక చామంతి గుచ్చింది. మునెమ్మ చెయ్యి ఊరుకుంటుందా? కళ్లూ నోరూ ఉన్న ముఖానికి బొట్టు లేకపోతే ఎట్లా అని ఇంత కుంకుమ పెట్టింది. గీతాంజలి అట్టముక్క మీద పెద్దపెద్ద అక్షరాలతో 'బఫే' అని రాసి, సరిగ్గా ఆ ముఖం కింద నిలబెట్టింది.

పన్నెండున్నరకు జనం మొదలయ్యారు. అందరికంటే ముందు మెట్లెక్కినవాడు చాపాడు ఎర్రన్న తాత. నలభై ఏళ్లుగా వాళ్ల కులదేవరకు పూజ చేసేది ఆయనే. మిద్దె మీద కాలు పెట్టి, ఎదురుగా దీపాలు, పట్టుచీర, పూలు, సంగటి గోపురం, పైన నాలుక చాపిన ముఖం చూశాడు. కాలు వెనక్కి తీసుకుని చెప్పులు విడిచాడు. ముందుకొచ్చి చెంపలేసుకున్నాడు. పది రూపాయల నోటు తీసి కీరదోసకాయ ముక్కల మీద పెట్టాడు.

ఇక చూసుకోండి! వెనకొచ్చిన ప్రతివాళ్లూ చెప్పులు విడిచారు, చెంపలేసుకున్నారు, ముక్కల మీద నోట్లు పెట్టారు. అరవై మంది చేతులు కట్టుకొని నిలబడ్డారు. ప్లేట్ల కట్ట మీద ఒక్క చెయ్యీ పడలేదు.

జానీబీ ఒక ప్లేటు తీయబోయింది. "ఆగమ్మా, హారతి ఇంగా కాల్యా" అని ఎర్రన్న తాత అడ్డం పడ్డాడు.

గీతాంజలి పరుగెత్తుకొచ్చింది. "తాతా, ఇది బఫే! తీసుకోని తినండి!"

"బఫే అనే కదా రాసినారు, చూసినాంలే. బఫేమ్మ! మన పక్క అమ్మవారు కాదే. ఏమప్పా కాటమయ్యా, యాడ నుంచి తెచ్చినారు?"

గిన్నెల సంగతి అడుగుతున్నాడనుకుని కాటమయ్య, "కడప నుంచి మామా" అన్నాడు.

"ఎన్నాళ్లుంటాది?"

"ఒక్క పూటకే. సాయంత్రం కడిగి పంపియ్యాల."

"అబ్బబ్బా! ఒక్క పూటకు అంత దూరం నుంచి వచ్చిందా తల్లి!" అని తాత మళ్లీ చెంపలేసుకున్నాడు.

మునెమ్మ ఒక్క మాటంటే అయిపోయేదే. 'మీరే ఏసుకోని తినండి' అనాలి, అంతే. ఆ మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. మీరే వేసుకోండి అని ఆమె పుట్టి బుద్ధెరిగి ఒక మనిషితో అన్నది లేదు. పోనీ గరిటె తీసుకుందామా అంటే, ముట్టుకోనని కూతురికి మాటిచ్చింది. ముట్టుకుంటే మళ్లీ ఎవరిని దాటిస్తుందోనని భయం కూడా. అందుకే కొంగు నలుపుకుంటూ ఓబులమ్మ వైపు చూస్తూ నిలబడింది.

ఓబులమ్మ పిట్టగోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో సంచి, సంచిలో నీళ్ల బాటిలు. ఒంటిగంట దాటింది. "రెండు గంటలకు బస్సుండాది కదా?" అని పక్కామెను అడగడం మునెమ్మ చెవిన పడింది.

ఓబులమ్మకు షుగరుంది. తెల్లవారుజామున తాగిన కాఫీ తప్ప కడుపులో ఏమీ లేదు. బస్సు కిటికీ గాలికి కొప్పు సగం ఊడిపోయింది. బస్సు కోసమని లేచేసరికి కళ్లు తిరిగి, బల్ల వైపు రెండడుగులు తూలింది. అక్కడ కింది దీపం మంటకు కోడిపులుసు మాడు వాసన వస్తోంది. చేతికందిన గరిటె తీసి గిన్నెను టంగున కొట్టింది.

"మాడిపోతాంది! అడుగంటి పోతాంది! ఒక్కరికన్నా కండ్లు లేవా!"

ఊడిన జుట్టు, ఊగే మనిషి, చేతిలో గరిటె. ఎర్రన్న తాత రెండు చేతులూ పైకెత్తాడు. "వచ్చేసింది! ఓబులమ్మ మీదికి తల్లి వచ్చేసింది!"

ఎవరో చెంబెడు నీళ్లు తెచ్చి ఓబులమ్మ కాళ్ల మీద కుమ్మరించారు. ఎవరో పక్కింటి చెట్టు నుంచి వేపమండ విరిచారు. "తల్లీ, ఏం గావాల నీకు?" అని తాత అడిగాడు.

"ఏం గావాలా? సంగటి గావాల! పొద్దున్నుంచి కడుపులో పచ్చి నీళ్లు లేవు!"

"తల్లి ఆకలి మీదుండాది! మా వల్ల ఏం తప్పు జరిగిందో చెప్పమ్మా! ఎవురు చేసినారో చెప్పు!"

అప్పుడు ఓబులమ్మ ఆగింది. ఆ ఆగడం మునెమ్మ ఒక్కతే కనిపెట్టింది. ఓబులమ్మ కళ్లు జనం మీదుగా మెల్లగా తిరిగి, వచ్చి మునెమ్మ మీద నిలిచాయి. తొమ్మిదేళ్లుగా పంటి బిగువున పట్టిన మాటకు ఇప్పుడు దారి దొరికింది.

"నెయ్యి!" అని గర్జించింది. "నా ఇస్తరి దాటిపోయిందెవురే?"

"నేనే తల్లీ! నేనే వదినా!" మునెమ్మకు ఎవరితో మాట్లాడుతోందో తెలియలేదు. అమ్మవారైనా, ఆడబిడ్డయినా అడుగుతున్నది నెయ్యే కదా! గీతాంజలికిచ్చిన మాట గాలికి పోయింది. కొంగు నడుముకు చుట్టింది. గోపురం మీద నుంచి రెండు ముద్దలు తీసి ప్లేట్లో వేసింది. తన వేలితోనే గుంత చేసింది. నెయ్యిగిన్నె వంచి పోసింది, పోసింది, పోస్తూనే ఉంది. గుంత నిండింది, ముద్ద మునిగింది, ప్లేటు అంచు మీదుగా ఓబులమ్మ మణికట్టు దాకా కారింది.

"చాల్లే మునెమ్మా" అంది ఓబులమ్మ చిన్నగా. "పులుసుకు రవంత చోటుండనీ."

అది అమ్మవారి గొంతు కాదు. తొమ్మిదేళ్ల కిందట, ఆ గృహప్రవేశానికి ముందు మునెమ్మ విన్న గొంతే. మునెమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చూస్తిరా! తల్లికి మునెమ్మ పేరు గూడా తెలుసు!" అన్నాడు ఎర్రన్న తాత.

ఓబులమ్మ కుర్చీలో కూర్చుని మూడు ముద్దలు తినింది. చెయ్యి కడుక్కుంటానంటే మునెమ్మే చెంబుతో నీళ్లు పోసింది. కాటమయ్య గోడ వైపు తిరిగి టవలుతో ముఖం తుడుచుకుంటూ ఉండిపోయాడు, చెమటట. తల్లి తిన్నాక ఇక అడ్డేముంది? అరవై మందీ మిద్దె మీదే బంతులు తీరి కూర్చున్నారు. మునెమ్మ సంగటి తట్ట ఎత్తుకుని తిరుగుతుంటే, గీతాంజలి 'బఫే' అట్టతో విసురుకుంటూ మూల కూర్చుంది. కలింగరపండును కోసుకు తిందామని కాటమయ్య కత్తి తీస్తే పదిమంది చేతులు పట్టుకున్నారు. సాయంత్రం ఎర్రన్న తాత దాన్ని ఆటోలో తీసుకుపోయి పెన్నలో కలిపాడు. ఆటోవాడు అడిగితే పేరు చెప్పాడు. ఊరూరా పాకింది అక్కడి నుంచే.

ఓబులమ్మ రెండు గంటల బస్సెక్కలేదు. ఆ మర్నాడు కూడా ఎక్కలేదు. "నాకు పూనకమేందే, షుగరు" అని జానీబీతో చెప్పి పకపకా నవ్విందట. ఇప్పటికి నెల దాటింది, తమ్మునింట్లోనే ఉంది. మూడు పూటలా తింటోంది. మునెమ్మకు సంతోషమే, కాదనలేం. కానీ పూటపూటా నెయ్యి కాచి కాచి ఆమె చేతులు పడిపోతున్నాయి. నెయ్యి రావడం కొంచెం ఆలస్యమైతే చాలు, ఓబులమ్మ చెయ్యి కొప్పు విప్పేటట్టు మెల్లగా నెత్తి మీదికి పోతుంది. అంతే, మునెమ్మ పొయ్యి దగ్గరికి పరుగు.

మీరెవరన్నా ప్రొద్దుటూరు పోతే, మునెమ్మను ఒకసారి చూసి రండి. ఎట్లుందో, వేళకు తింటోందో లేదో కనుక్కోండి. వాళ్ల వదిన ఎప్పుడు పోతుందో కూడా అడగండి గానీ, గట్టిగా అడగొద్దు. లోపలి గదిలోనే ఉంటుంది, వింటుంది.